మేజోళ్ళు తొడుక్కున్న కుర్చీలు

బుధవారం సాయంత్రానికి కుర్చీలన్నింటికీ మేజోళ్ళు తొడగడం పూర్తయింది. నాలుగు కుర్చీలు, పదహారు కాళ్ళు. అతని పాత మేజోళ్ళు అయిదు జతలూ తనవి మూడు జతలూ కలిపితే, చూసి కొన్నట్టు సరిపోయాయి. రెండు కుర్చీలు పూర్తిగా మిలటరీ ఆకుపచ్చ. ఒకటి పూర్తిగా గులాబీ. నాలుగోదానికి మాత్రం ముందు కాళ్ళకు ఆకుపచ్చవి, వెనక కాళ్ళకు గులాబీవి వచ్చాయి. ఆ కుర్చీని గది మధ్యకు లాగి, అది చప్పుడు లేకుండా జారడం చూసి, ఆమె నేలమీద చతికిలబడి ఒక్కతే నవ్వుకుంది. పెళ్ళయి ఇరవై మూడు రోజులు. ఇన్నాళ్ళలో ఎవరు తీసిన ఫొటోలోనూ తామిద్దరూ ఇంత బాగా కుదరలేదు.

మేడమీది రెండు గదుల వాటా అది. రెండు గదులకూ చేయగలిగినదంతా చేసింది. తలుపు బందులకు నూనె పోసింది. గిన్నెకూ గిన్నెకూ మధ్య గుడ్డముక్క పరిచింది. వంటింటి కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే ప్లంబరును పిలిచి కొత్త వాషరు వేయించింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దానికి తువ్వాలు చుట్టి, బీరువాలో దుప్పట్ల కింద పడుకోబెట్టింది. ఫ్రిజ్ ఒక్కటే ఎంత చెప్పినా వినలేదు. దాని వీపుకూ గోడకూ మధ్య దిండు దోపింది. ఇంకా గొణుగుతూనే ఉంది, కానీ అత్తగారి ముందు కోడలు గొణిగినట్టు, లోపల్లోపలే.

ఇదంతా సోమవారం జరిగినదాని వల్ల.

ఇద్దరూ పనిచేసేది ఒకే ప్రెస్సులో. ఆమె ప్రూఫులు దిద్దుతుంది. చేతిలో ఎప్పుడూ ఉండే పెన్ను వల్ల అందరూ ఆమెను ఎర్రపెన్ను అంటారు. అతను మెషిను మీద ఉంటాడు. అతన్ని అందరూ మిలట్రీ అంటారు, ఆ ఉద్యోగం వదిలేసి రెండేళ్ళయినా. సోమవారం మధ్యాహ్నం ఆమె తన గదిలో కూర్చుని ఎక్కాల పుస్తకం ప్రూఫు చూస్తోంది. బడులు తెరిచే ముందు ప్రెస్సులో ఏటా అదే పని. పన్నెండో ఎక్కం దగ్గర ఉండగా హాల్లో ఢామ్మని చప్పుడైంది. పరుగెత్తుకుని వెళ్ళి చూస్తే అతను సిమెంటు నేలమీద బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి, పుస్తకాలు మడిచి కుట్టే బైండింగ్ అక్క తలమీద ఉంది. ఆ తలను నేలకేసి అదిమి పట్టుకుని ఉన్నాడు. పక్కనే ఒక కాగితాల కట్ట కిందపడి తాడు తెగి విచ్చుకుపోయింది. మెషిను ఆగి ఉంది. కాగితాలు కోసే కటింగ్ మెషిను దగ్గరి ఇద్దరు నవ్వారు. వాళ్ళలో ఒకడు, "లే మిలట్రీ, యుద్ధం అయిపోయింది" అన్నాడు.

అతను లేచాడు. "క్షమించక్కా" అని అక్క భుజం మీది దుమ్ము దులిపాడు. మళ్ళీ మెషిను దగ్గరకు వెళ్ళి, ఎవరి వంకా చూడకుండా, గుడ్డతో రోలరు తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న రోలరును సాయంత్రం దాకా తుడుస్తూనే ఉన్నాడు.

ఆ గుడ్డ ఆమె కళ్ళలోంచి పోలేదు. ఇంటికి బయలుదేరే ముందు, "పర్సు మర్చిపోయాను" అని అతన్ని గేటు దగ్గర ఆపి, ఓనరమ్మ గదిలోకి వెళ్ళింది.

"ఆయన్ని చప్పుళ్ళకు దూరంగా ఎక్కడైనా వేయండమ్మా. నేను అడిగానని మాత్రం చెప్పొద్దు."

ఓనరమ్మ నుదుటిమీది కళ్ళజోడును ముక్కుమీదకు దించి ఆమెను చూసింది. "గోడౌన్లో వేస్తానులే. చుట్టూ కాగితమే కదా, చప్పుడంతా అదే మింగేస్తుంది. మంచి పిల్లవే. కట్టుకున్నవాడి గురించి ఇంత ఆలోచించేవాళ్ళు ఎక్కడున్నారు?"

మంగళవారం నుంచి అతను గోడౌన్లో ఉన్నాడు.

*

బుధవారం సాయంత్రం అతను వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తలుపు కిర్రుమనకుండా తెరుచుకోవడం కొత్తగా ఉన్నట్టుంది, దాన్ని ఒకసారి వెనక్కీ ముందుకూ ఊపి చూశాడు.

"ఎలా ఉంది ఇల్లు?" అంది ఆమె. మెచ్చుకోలు కోసం గడప దాకా వచ్చేసింది.

"మెత్తగా ఉంది."

"మెత్తగానా?"

"దూదిలో నడుస్తున్నట్టు." అతని చూపు గోడమీద మేకు దగ్గర ఆగింది. "గడియారం ఏదీ?"

"దానికి సెలవిచ్చాను."

"కుర్చీలకు చలేస్తోందా?"

"వేస్తే వేసుకోవూ? ఇప్పుడవి మనింటి మనుషులు. అదిగో, అది నేను, అది మీరు. ఆ మధ్యలో ఉన్నదేమో..."

"మనిద్దరూ" అన్నాడు.

"అబ్బ. నా మాట ఒక్కటైనా నన్ను పూర్తి చేసుకోనివ్వరు కదా."

అదొక్కటే అతని మీద ఆమెకున్న ఫిర్యాదు. ఎవరైనా వాక్యం సగంలో ఆపితే చాలు, మిగతా సగం అతను అందించేస్తాడు. ప్రెస్సులో మెషిను నడిపే మేస్త్రికీ అతనికీ అందుకే కుదిరింది. మేస్త్రి రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు 'ఊఁ'లే. మిగిలిన నాలుగూ సగం సగమే. "ఆ రీము..." అంటాడు మేస్త్రి. "గాలి పట్టించి పెట్టేశా" అంటాడు ఇతను. "నలుపు కాస్త..." అంటాడు ఆయన. "తగ్గించా" అంటాడు ఇతను. ఏడు నెలలుగా ఆ ఇద్దరి మధ్య సంభాషణ అలాగే నడుస్తోంది, ఒకే మనిషి ఇద్దరుగా విడిపోయి మాట్లాడుతున్నట్టు.

అతను చొక్కా చేతులు మడిచి ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని చూసింది. భర్త ఉల్లిపాయలు తరుగుతుంటే చూడడానికి టిక్కెట్టు పెట్టినా కొనుక్కునే దశలో ఉంది. అతని చొక్కాకు సిరావాసన లేదు, అది మాత్రం కొంచెం వెలితిగా అనిపించింది.

"గోడౌన్ ఎలా ఉంది?"

"బాగుంది. రీములు అడిగినవాళ్ళకు ఇవ్వాలి. అడగనప్పుడు కూర్చోవాలి." కత్తి ఆపకుండానే నవ్వాడు. "తప్పు అచ్చయిన కాగితాలు కూడా అక్కడే పడేస్తారు. నన్నూ వాటి పక్కనే పెట్టారు."

ఆ మాట ముల్లులా దిగింది. నేనే అడిగాను, మీ మంచికే అడిగాను, అని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆమె నోట్లో మామూలుగా నువ్వుగింజ నానదు. అలాంటిది ఈ ఒక్క మాటను రెండు రోజులుగా నానబెడుతోంది.

అప్పుడే కింద రోడ్డుమీద పెద్ద పేలుడు వినిపించింది. ఆమె చేతిలోంచి గ్లాసు జారి, కింద పరిచిన గోనెపట్టా మీద పడి, బుద్ధిగా పగలకుండా ఊరుకుంది. ఆమె కళ్ళు అతనివైపు తిరిగాయి.

"లారీ టైరు" అన్నాడు అతను, తర్వాతి ఉల్లిపాయ అందుకుంటూ. "వెనకది."

"మీకు... మీకేం..."

"కాలేదు. నీకే అయినట్టుంది. గ్లాసు తియ్యి."

తీసింది. ఎంత ధైర్యంగా ఉన్నాడో అనుకుంది. మేజోళ్ళు అప్పుడే పనిచేస్తున్నాయని కూడా అనుకుంది.

*

గురువారం తెల్లవారుతుండగా మెలకువ వచ్చి చూస్తే పక్క ఖాళీగా ఉంది. అతను వంటింట్లో గులాబీ మేజోళ్ళ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుళాయిని కొంచెం వదులు చేసి, దాని కింద స్టీలు గ్లాసు బోర్లించి పెట్టాడు. చుక్క పడ్డప్పుడల్లా గ్లాసు టంగుమంటోంది. అతను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"నీళ్ళు పోతున్నాయండీ" అని ఆమె వెళ్ళి కుళాయి బిగించింది.

"అవునవును" అని అతను కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళు జ్వరం వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

"నిద్ర పట్టలేదా?"

"పట్టిందిలే."

అతను అబద్ధం చెప్పేటప్పుడు మాట చివర 'లే' చేరుతుందని ఇరవై నాలుగో రోజున కనిపెట్టింది. ఇంకో రోజైతే ఈ కనిపెట్టడానికే పొంగిపోయి ఉండేది.

ఆ మధ్యాహ్నం ఓనరమ్మ ప్రూఫుల గదిలోకి తొంగి చూసింది. "నువ్వడిగినదానికి గట్టి ఏర్పాటే చేశానమ్మాయ్. మెషిను మీదకు కొత్త మనిషిని మాట్లాడాను. సోమవారం వచ్చి చేరతాడు. ఇక మీ ఆయన హాయిగా గోడౌన్లోనే ఉండిపోవచ్చు."

"మేస్త్రిగారు ఏమన్నారమ్మా?"

"ఊఁ అన్నాడు. ఆయనేమంటాడు?"

గాజు తలుపులోంచి చూస్తే మేస్త్రి ఒక్కడే మెషిను దగ్గర ఉన్నాడు. "ఆ డబ్బా..." అన్నాడు పక్కకు తిరిగి. అక్కడెవరూ లేరు. కాసేపు అలాగే చూసి, తనే వెళ్ళి సిరా డబ్బా తెచ్చుకున్నాడు.

సాయంత్రం ఆమె సరుకులు కొని కాస్త ఆలస్యంగా ఇల్లు చేరింది. వంటింటి పక్క వరండాలో బట్టలు ఉతికే మెషిను తిరుగుతోంది. అతను దాని పక్కన నేలమీద కూర్చుని, రేకుకు చెంప ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఈ వారంలో అతను అంత ఒళ్ళెరక్కుండా పడుకోవడం చూడలేదు. మెషిను ఊగినప్పుడల్లా అతని తల కూడా ఊగుతోంది. మూతకున్న అద్దంలోంచి లోపలికి చూసింది. అంత పెద్ద మెషినులో ఒకే ఒక్క చేతిరుమాలు తిరుగుతోంది.

నవ్వు వచ్చింది. పక్కనే చప్పుడు కాకుండా కూర్చుంది. అతని చెవి వెనక చిన్న పుట్టుమచ్చ ఉందని అప్పుడే తెలిసింది. ఇది ఎవరికీ తెలియదు, దీనికి పూర్తి హక్కులు నావే అనుకుంది. మెషిను గిరగిరా తిరిగి, వేగం తగ్గి, చివరికి టక్కున ఆగింది.

ఆ ఆగిన క్షణమే అతని చెయ్యి వచ్చి ఆమె మెడ వెనక పడింది. ఏం జరుగుతోందో తెలిసేలోపు ఆమె నుదురు నేలకు తగిలింది. అతని భుజం తన మీద అడ్డంగా ఉంది. వరండాలో ఏ చప్పుడూ లేదు. ఇంట్లోనూ లేదు. తలుపులు, గిన్నెలు, కుళాయి, గడియారం, అన్నింటి నోళ్ళూ తనే మూసేసింది. ఆ నిశ్శబ్దంలో అతని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో వినిపించింది.

ఫ్రిజ్ ఒక్కటి దిండు వెనక నుంచి గొణగడం మొదలుపెట్టింది. అది గొణిగాకే అతని చెయ్యి వదులైంది.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"లేదండీ." ఆమె లేచి కూర్చుంది. ఢామ్మన్నది ఏదీ లేదు. ఏదీ పేలలేదు. ఏదీ పడలేదు. మెషిను ఆగింది, అంతే.

*

శుక్రవారం టీ వేళకు ఆమె బైండింగ్ అక్క దగ్గరకు వెళ్ళింది. అక్క కాగితాలు మడత పెడుతోంది, ఎముకబద్దతో ఒక్కో మడతనూ సర్రున నొక్కుతూ. చెయ్యి ఆపకుండానే పక్కన చోటు చూపించింది.

"అక్కా, సోమవారం ముందు ఏం జరిగింది?"

"చూశావుగా తల్లీ, నా నడుం ఇంకా పట్టేసే ఉంది."

"అది కాదు. ఏది ముందు, ఏది తర్వాత? కట్ట పడ్డాక ఆయన పడ్డారా?"

అక్క అప్పుడు చెయ్యి ఆపింది. "కట్ట ముందెందుకు పడుతుంది? కాగితం ఇరుక్కుని మెషిను ఆగిపోయింది. ఆగడం ఆగడమే మీ ఆయన నన్ను కిందికి లాగాడు. లాగేటప్పుడు ఆయన మోచెయ్యి తగిలి కట్ట పడింది. మీరంతా ఆ చప్పుడుకే కదా వచ్చింది."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదే?"

"నన్నెవరడిగారు? కటింగ్ వాళ్ళేమో నవ్వుతున్నారు, ఓనరమ్మేమో తల పట్టుకుంది, నువ్వేమో ఏడుస్తున్నావు. పడ్డదాన్ని నేను. నన్నొక్కళ్ళూ అడగలేదు." అక్క మళ్ళీ మడత నొక్కింది. "ఒకటి మాత్రం చెప్పనా? నా తల నేలకు తగలకుండా కింద తన రెండో చెయ్యి పెట్టాడు. నా మొగుడు పాతికేళ్ళలో నా తలకింద దిండు కూడా పెట్టలేదు."

ఆమె తిరిగి వచ్చి తన బల్ల ముందు కూర్చుంది. అక్షరం అటుదిటైతే ఆమడ దూరం నుంచి పట్టుకుంటుందని ప్రెస్సులో పేరు. రెండు వరుసలు తారుమారైతే మాత్రం పట్టుకోలేకపోయింది. ఐదు రోజులుగా ఆ తారుమారు వరుసలోనే ఇల్లంతా సర్దింది.

సాయంత్రం ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చారు. దారంతా ఆమె మాట్లాడలేదు. ఆమె ఇంతసేపు మాట్లాడకుండా ఉండడం అతనికి కొత్త. నాలుగు సార్లు తిరిగి చూశాడు. ఇంట్లోకి రాగానే ఆమె చెప్పులు కూడా విప్పకుండా బీరువా తెరిచి, దుప్పట్ల కింద నుంచి గడియారం తీసి, తువ్వాలు విప్పి, మేకుకు తగిలించింది. టిక్కు, టిక్కు, టిక్కు. అతను గుమ్మంలోనే నిలబడి దాన్ని విన్నాడు. దాహమైనవాడు నీళ్ళు తాగుతుంటే గొంతు కదిలినట్టు, అతని గొంతు కదిలింది.

"మిమ్మల్ని గోడౌన్లో వేయించింది ఓనరమ్మ కాదు" అంది ఆమె గోడవైపే చూస్తూ. "నేను."

అతను తలుపు మూసి లోపలికి వచ్చాడు.

"చప్పుళ్ళంటే మీకు పడదనుకున్నాను. పోయి అడిగాను. మీకు చెప్పొద్దని కూడా అన్నాను. మీ చోటు నా చేతులారా..."

ఈ వాక్యాన్ని అతను పూర్తి చేయలేదు. ఆకుపచ్చ, గులాబీ కలిసిన కుర్చీని లాక్కుని కూర్చున్నాడు. కాసేపు తన మోకాళ్ళను చూసుకున్నాడు.

"నువ్వా?" అన్నాడు చివరికి. "నేను పనికిరానని ఓనరమ్మకు తెలిసిపోయిందనుకున్నా. నాలుగు రోజులుగా అదే."

"నేనే. కోప్పడండి."

"ఉండు. ముందు కాస్త సంతోషపడనీ."

ఆమె వచ్చి అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. అతను ఆమెను చూడకుండా, కుర్చీకాలి మేజోడును వేలితో లాగుతూ చెప్పాడు.

"కొండదారి. బండి ఇంజను ఆపాం. ఆపగానే చుట్టూ కీచురాళ్ళు కూడా ఆగాయి. అవి ఎప్పుడూ ఆగవు. నా పక్కవాడు 'టీ ఉందా' అని అడగబోయాడు. 'టీ' అన్నాడు."

గడియారం టిక్కుమంటోంది. ఆమె తన చెయ్యి అతని పాదం మీద పెట్టింది.

"పేలింది నాకు గుర్తులేదు" అన్నాడు. "దాని ముందు ఉన్నదే గుర్తుంది. మెషిను దగ్గర బాగుంటుంది నాకు. టక్ షిక్, టక్ షిక్. అది నడుస్తున్నంతసేపూ అంతా సరిగ్గా ఉన్నట్టే. ఆగితేనే. మామూలుగా ఆపేది నేనే కాబట్టి ముందే తెలుస్తుంది. సోమవారం దానంతటదే ఆగింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కుళాయి బాగుచేయించి ఎంత మురిసిపోయావో చూశా. ప్లంబరుకు టీ కూడా ఇచ్చావట. ఎలా చెప్పను?"

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక ముక్కు ఎర్రబడింది. చివరికి, "కాళ్ళెత్తండి" అంది. అతను కాళ్ళెత్తాడు. ఇద్దరూ నేలమీద కూర్చుని పదహారు మేజోళ్ళూ విప్పారు. ఆఖరిది విప్పాక అతను లేచి, ఆ కుర్చీని గది ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. కీచుమని ఇల్లంతా అదిరిపోయేలా అరిచింది.

"కింది వాటావాళ్ళు వస్తారేమో" అంది ఆమె.

"రానీ. కూర్చోడానికి కుర్చీలున్నాయి."

ఆ రాత్రి ఆమెకు, తనే వదులు చేసిపెట్టిన కుళాయి చప్పుడు వల్ల నిద్ర పట్టలేదు. అతనికి పట్టింది. సన్నగా గురక కూడా పెట్టాడు. ఇరవై ఐదో రోజున తెలిసిన ఈ కొత్త సంగతిని కూడా ఆమె తన హక్కుల జాబితాలో వేసుకుంది.

*

శనివారం పొద్దున్నే ఆమె వెళ్ళి ఓనరమ్మ ఎదురుగా నిలబడింది. పక్కన అతను. తలుపు దగ్గర మేస్త్రి. ఆయన్ని ఎవరూ పిలవలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"సోమవారం నువ్వే కదమ్మాయ్ అడిగావు" అంది ఓనరమ్మ.

"తప్పుగా అడిగానమ్మా. తప్పు దిద్దడమే కదా నా ఉద్యోగం."

"కొత్త మనిషికి మాటిచ్చాను."

"గోడౌన్లో చోటుంది" అన్నాడు అతను. "ప్రశాంతంగా ఉంటుంది. ఇష్టమున్నవాళ్ళకు."

ఓనరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "నీ పనికి వంక పెట్టనయ్యా. నా భయం నాది. తిరిగే మెషిను అది. ఇంకోసారి పడితే?"

అప్పుడు తలుపు దగ్గర నుంచి మేస్త్రి అన్నాడు.

"పడితే లేస్తాడు."

ఆయన ఒక వాక్యం పూర్తిగా చెప్పడం ఓనరమ్మ ఎన్నేళ్ళకు విన్నదో ఏమో, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "సరే" అంది. "ఆపేముందు మాత్రం అరిచి చెప్పండి, అందరికీ వినపడేలా. చెయ్యి పడకుండా ఆ రోలర్లకు అడ్డంగా రేకు కూడా బిగించండి."

"ఊఁ" అన్నాడు మేస్త్రి.

పదకొండు దాకా అంతా బాగా నడిచింది. మేస్త్రి రెండుసార్లు, "ఆపుతున్నా" అని అరిచి మెషిను ఆపాడు. రెండోసారి కటింగ్ దగ్గరివాడు వెటకారంగా, "ఆపండి మహాప్రభో" అని బదులిచ్చాడు. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. ఆమె తన గదిలో పదిహేడో ఎక్కం దగ్గర పెన్ను పెట్టి, టక్ షిక్, టక్ షిక్ వింటూ, చొక్కాకు మళ్ళీ సిరావాసన వస్తుంది కదా అనుకుంటోంది.

కరెంటు పోయింది.

కరెంటు చెప్పి పోదు. దీపాలు, ఫ్యాన్లు, మెషిను, కటింగ్, అన్నీ ఒక్కసారే ఆగాయి. జనరేటరు అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆమె లేచి గాజు తలుపు దగ్గరకు ఉరికింది. కిటికీల వెలుగులో అతను కనిపించాడు. మోకాళ్ళు అప్పుడే వంగుతున్నాయి. ఒక చెయ్యి మేస్త్రి భుజాన్ని పట్టుకుంది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఏదో ఒకటి అనాలి, ఏదైనా సరే, అనుకుంది ఆమె. రోజంతా వాగే నోరు, ఒక్క మాటా రాలేదు.

"పదిహేడు ఒకట్ల పదిహేడు."

బొంగురు గొంతు. తుప్పు పట్టిన బందులా ఉంది. మేస్త్రి అతనితో పాటే నేలమీదకు వంగి, అతని చెయ్యిని తన భుజం మీదే ఉండనిచ్చి, చేతిలోని స్పానరుతో మెషిను ఇనుపకాలి మీద కొడుతూ అన్నాడు. "పదిహేడు రెళ్ళ ముప్ఫై నాలుగు."

"పదిహేడు మూళ్ళ యాభై ఒకటి" అంది బైండింగ్ అక్క తన మూలనుంచి, ఎముకబద్దతో బల్లమీద తడుతూ.

"పదిహేడు నాలుగుల అరవై ఎనిమిది." ఇది కటింగ్ దగ్గర నుంచి. సోమవారం నవ్విన ఇద్దరూ. వాళ్ళ గొంతుల్లో నవ్వు లేదు, బడిలో పంతులు ముందు నిలబడ్డట్టు చెప్తున్నారు.

"పదిహేడైదుల ఎనభై అయిదు." ఆమెకు కూడా గొంతు వచ్చింది. "పదిహేడార్ల నూట రెండు." ఓనరమ్మ తలుపు తీసుకుని వచ్చి నిలబడింది. ఆవిడ పెదవులూ కదులుతున్నాయి.

"పదిహేడు ఏడుల..." అన్నాడు మేస్త్రి.

ఆగిపోయాడు. స్పానరు కూడా ఆగింది. అక్క నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తాడు. హాల్లో ఒక్క చప్పుడు లేదు. సగం వాక్యం ఒకటి గాలిలో వేలాడుతోంది. ఆమె పెన్నును పిడికిట్లో బిగించింది.

"నూట పందొమ్మిది."

అతనే. ఒక మోకాలు నేలమీద ఉంది. గొంతు సన్నగా, కానీ తప్పు లేకుండా వచ్చింది.

"ఎనిమిదుల..."

"నూట ముప్ఫై ఆరు." మోకాలు లేచింది.

"తొమ్మిదుల..."

"నూట యాభై మూడు."

"ఊఁ" అన్నాడు మేస్త్రి. వెనక జనరేటరు దగ్గి, మళ్ళీ దగ్గి, అందుకుంది. దీపాలు వెలిగాయి. అతను మేస్త్రి భుజం మీది నుంచి చెయ్యి తీశాడు. అక్కడ చొక్కామీద ఐదు వేళ్ళ సిరా ముద్ర పడి ఉంది. ఇద్దరూ దాన్ని చూసుకుని మెషిను వైపు తిరిగారు. టక్ షిక్, టక్ షిక్.

టీ వేళకు మేస్త్రి ప్రూఫు షీట్ల కోసం ఆమె గదికి వచ్చాడు. భుజం మీద వేళ్ళ ముద్ర అలాగే ఉంది. ఆమె షీట్లు అందిస్తూ, నవ్వు ఆపుకోలేక అడిగింది.

"ఏం మేస్త్రిగారూ, పదిహేడో ఎక్కం మర్చిపోయారా?"

ఆయన షీట్లను బల్లమీద తట్టి అంచులు సమం చేశాడు. వెలుగుకు ఎత్తి చూసుకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు.

"ముప్ఫై ఏళ్ళుగా ఆ ఎక్కాలు అచ్చేస్తున్నానమ్మా" అన్నాడు.